ఒకే ఆర్టిస్టు బొమ్మలు పోగుచేస్తున్నాను: పెద్ద ఆయిల్ పెయింటింగ్ తీసుకోనా, డ్రాయింగులతోనే ముందుకెళ్ళనా?

నీలిగీత:

అందరికీ నమస్తే. చాలా కాలంగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దదే అయింది, ఓపిక పట్టండి.

ఆరేళ్ళుగా ఒకే ఆర్టిస్టు బొమ్మలు కొంటున్నాను. పేరు కావాలనే చెప్పడం లేదు, కింద రాసిన పెయింటింగ్ ఇంకా అమ్మకంలోనే ఉంది, ఎవరికీ ఇబ్బంది రాకూడదు. ఆవిడ మనుషుల్నే వేస్తారు, ఒక్కో బొమ్మలో ఒక్క మనిషే. కుర్చీలో పక్కకి ఒరిగినవాళ్ళు, మంచం అంచున కూర్చుని పాదాలకేసి చూసుకునేవాళ్ళు, ఎక్కువగా వీపులు. ముఖం కనపడదు, అయినా ఆ మనిషి అలిసిపోయిందో అలిగి కూర్చుందో భుజాలు చూస్తే తెలిసిపోతుంది. మొదటిసారి ఒక గ్రూప్ షోలో చూశాను. అప్పటిదాకా బొమ్మ కొనాలన్న ఆలోచనే ఎన్నడూ రాలేదు, ఆ రోజు మాత్రం బొగ్గుతో గీసిన ఒక చార్కోల్ వీపు ముందు నుంచి కదల్లేకపోయాను.

ఇప్పుడు నా దగ్గర మూడున్నాయి. ఆ చార్కోల్ వీపు, కింద పెన్సిల్‌తో 14/40 అని రాసిన ఒక ఎచింగ్ (లోహపు ప్లేటు మీద గీసి తీసే ప్రింటు), పుస్తకం అట్టంత ఉండే చిన్న ఆయిల్. మూడూ ఆవిడ బొమ్మలు చూపించే గ్యాలరీలోనే వాయిదాల్లో కట్టి కొన్నాను.

విషయం ఏమిటంటే, ఆవిడ తొమ్మిదేళ్ళ కిందట వేసిన పెద్ద ఆయిల్ ఒకటి ఒకాయన అమ్ముతున్నారు. నిలబడి ఉన్న స్త్రీ, వెనక నుంచి, దాదాపు నిలువెత్తు. ఫొటో చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదంటే నమ్మండి. ఆయన దగ్గర సర్టిఫికెట్ ఉంది కానీ అది ఆర్టిస్టు ఇచ్చింది కాదు, మధ్యలో అమ్మినవాళ్ళెవరో ప్రింట్ చేయించి సంతకం పెట్టింది. మొదట కొన్నప్పటి రసీదు పోయిందట. అది కొంటే నా మూడేళ్ళ పొదుపు మొత్తం ఒక్క గోడకి వెళ్ళిపోతుంది, తర్వాత ఇంకో మూడేళ్ళు దేని వంకా చూడలేను. కొనకపోతే అదే డబ్బుకి ఐదారు డ్రాయింగులు వస్తాయి. ఏది మేలు?

ఇంకో రెండున్నాయి. ఆవిడ కొత్త పెద్ద పెయింటింగులకి వెయిటింగ్ లిస్టు ఉందట, ముందు వాళ్ళ దగ్గరే ఉన్న వేరే ఆర్టిస్టు బొమ్మ ఒకటి తీసుకుంటే నా పేరు పైకొస్తుందని ఒక గ్యాలరీలో అన్నారు. ఇలా అడగడం మామూలేనా? రెండోది నన్ను ఎక్కువ భయపెడుతున్నది. చార్కోల్ బొమ్మకి పటం కట్టించి ఏడాది అయింది. ఇప్పుడు అద్దానికి లోపలివైపు మసకగా, సరిగ్గా జుట్టు ముడి ఉన్నచోట నల్లగా అంటుకుని కనిపిస్తోంది, కింది అంచున సన్నగా పొడి చేరింది. బొమ్మే కరిగిపోతోందా అని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

పాతపటం:

నీలిగీత గారూ, పద్దెనిమిదేళ్ళుగా నేనూ ఇదే దారిలో ఉన్నాను, ముగ్గురు ఆర్టిస్టులవి పోగుచేశాను, ముగ్గురూ మనుషుల బొమ్మలు వేసేవాళ్ళే. డ్రాయింగులా ఆయిలా అన్నది తర్వాత చూద్దాం. దానికన్నా ముందు తేలాల్సింది ఒకటుంది. ఆ ఆయిల్ ఆవిడదేనా, ఆవిడ చేయి దాటినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందా?

ఇప్పుడు పని చేస్తున్న ఆర్టిస్టుని ఇష్టపడడంలో ఉన్న పెద్ద సుఖం, నేరుగా అడగొచ్చు. పాత మాస్టర్ల బొమ్మలు కొనేవాళ్ళకి ఆ భాగ్యం లేదు. గ్యాలరీ ద్వారా అయినా సరే, ఆవిడకి ఫొటోలు పంపండి. ముందువైపు, వెనకవైపు, నాలుగు అంచులు, సంతకం బాగా దగ్గరగా. ఏ సంవత్సరం వేశారు, కొలతలెంత, ఎక్కడ ప్రదర్శించారు, మొదట ఎవరి దగ్గరికి వెళ్ళింది అని అడగండి. చాలామంది ఒక నోటుపుస్తకంలో కొలతలతో సహా రాసుకుంటారు, స్టూడియో దాటేముందు ఫొటో తీసి పెట్టుకుంటారు. ఆవిడ మెయిల్‌లో రెండు వాక్యాలు రాసినా అమ్మే ఆయన దగ్గరున్న ఆ సర్టిఫికెట్ కన్నా ఎంతో గట్టిది. సర్టిఫికెట్ అచ్చు వేయించడం ఎవరికైనా చేతనవుతుంది, కింద సంతకం పెట్టినవాళ్ళకి ఆ బొమ్మ గురించి ఏం తెలుసన్నదే చూడాలి.

సంతకం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎంత దూరం పోతుందో ఒక కేసు చెబుతాను. చిత్రకారుడు పీటర్ డోయిగ్ పేరు వినే ఉంటారు. కెనడాలో ఒకాయన దగ్గర 1976 ప్రాంతంలో వేసిన ఒక ఎడారి దృశ్యం ఉంది, దాని మీద సంతకం చివర ఒక అక్షరం ఎక్కువగా ‘డోయిగె’ అని ఉంది. ఇది మీ చిన్నప్పటి పనే అన్నాడు ఆయన, నేను వేయలేదు మొర్రో అన్నాడు డోయిగ్. చివరికి కోర్టుకెక్కారు. ఆ వయసులో తను ఎక్కడ ఉన్నాడో, ఏం చేస్తున్నాడో ఒక చిత్రకారుడు పాత కాగితాలు వెతికి చూపించుకోవాల్సి వచ్చింది. అచ్చం అలాంటి పేరే ఉన్న వేరే మనిషి ఆ బొమ్మ వేశాడని, డోయిగ్ వేయలేదని 2016 ఆగస్టులో షికాగో కోర్టు తేల్చింది. ఆర్టిస్టు కళ్ళముందు ఉండి కాదంటున్నా ఇంత తతంగం అయింది. అందుకే మీకు దొరికే ప్రతి కాగితం దాచండి, దొరకనివి ఇప్పుడే రాయించుకోండి. మీ మూడు బొమ్మల రసీదులు, గ్యాలరీ మెయిళ్ళు, షో బ్రోచర్లు ఒకే కవరులో పెట్టి, ఫొటోలు తీసి ఇంకోచోట కూడా ఉంచండి. పటం వెనక అంటించిన లేబుల్ ఏదైనా ఉంటే ఎంత చిరిగిపోయినా పీకకండి.

ఇక ఏది కొనాలన్నదానికి వస్తే నా మొగ్గు డ్రాయింగుల వైపే. మనుషుల్ని వేసే ఆర్టిస్టు ఆలోచన ఎక్కడ మారిందో డ్రాయింగులో దాగదు. భుజం ముందు ఒకచోట గీసి, తుడిచి, అంగుళం కిందకి దించితే ఆ తుడిచిన మసక అలాగే ఉండిపోతుంది. ఆయిల్‌లో అదంతా రంగు కిందకి వెళ్ళిపోతుంది. నా దగ్గర ఒకే మోడల్‌ని పదకొండేళ్ళ తేడాతో గీసిన డ్రాయింగులు నాలుగున్నాయి, పక్కపక్కన పెడితే ఆ మనిషి మెడ వంగుతూ రావడమూ కనిపిస్తుంది, ఆర్టిస్టు గీత తేలికపడుతూ రావడమూ కనిపిస్తుంది. ఒక పెద్ద కాన్వాసు ఎంత గొప్పదైనా ఇది చూపించలేదు. న్యూయార్క్‌లో హెర్బర్ట్, డొరొతీ వోగెల్ అని భార్యాభర్తలు, ఆయన పోస్టాఫీసు ఉద్యోగి, ఆవిడ లైబ్రేరియన్. ఆవిడ జీతంతో ఇల్లు గడుపుకుని ఆయన జీతంతో బొమ్మలు కొన్నారు, చిన్న అపార్టుమెంటులో పట్టేవే తీసుకున్నారు, అందులో డ్రాయింగులే ఎక్కువ. వాళ్ళు ఇష్టపడింది వేరే రకం ఆర్టు అనుకోండి, కానీ నాలుగు వేలకు పైగా పోగయ్యాయి, 1992 నుంచి వాటిలో చాలా వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి చేరాయి. జీతం మీద బతికేవాళ్ళు ఏం చేయగలరో చూపించారు కాబట్టి చెబుతున్నాను.

అయినా నిద్ర పట్టడం లేదన్నారు. దాన్ని తేలిగ్గా తీసిపారేయను. పద్దెనిమిదేళ్ళలో నాకు అలా అయింది రెండుసార్లే, ఒకసారి వదిలేసుకున్నాను, ఇప్పటికీ ఆ బొమ్మ గుర్తొస్తూనే ఉంటుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలితే తీసుకోండి. తేలేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

వేరే ఆర్టిస్టు బొమ్మ కొంటే లిస్టులో పైకి తెస్తామనడం చాలాచోట్ల ఉన్నదే. ఇష్టం లేని బొమ్మ మాత్రం కొనకండి. దాన్ని గోడకి పెట్టలేరు, అమ్మబోతే కొనేవాడుండడు.

చెక్కచట్రం:

మీ చార్కోల్ గురించి రాస్తాను, ఎందుకంటే అది ఆగదు, ఆయిల్ ఆగుతుంది. నేను కాగితం మీద ఉన్న బొమ్మలు బాగుచేసే పనిలో ఉన్నాను.

ముందు పటం చేత్తో పట్టుకుని చూడండి. ఆ సైజుకి అనుకున్నదానికన్నా తేలిగ్గా ఉందా? వేలి గోరుతో అంచున తడితే టిక్కుమని గాజు చప్పుడు వస్తుందా, ప్లాస్టిక్ లాగా మొద్దుగా వస్తుందా? మీరు రాసింది చూస్తే అది అద్దం కాదు, ఆక్రిలిక్ షీటు అని నా గట్టి అనుమానం. ఆక్రిలిక్ పగలదు, తేలిక, ప్రింట్లకి చక్కగా పనికొస్తుంది. కానీ గుడ్డతో తుడిచినప్పుడల్లా దాని మీద స్టాటిక్ కరెంటు పుడుతుంది, దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు అది చార్కోల్ పొడిని కాగితం మీద నుంచి లాగేస్తుంది. రంగు సుద్దలతో వేసే పేస్టల్‌కీ అంతే. జుట్టు ముడి దగ్గరే ఎక్కువ నల్లగా ఉందన్నారు, అక్కడ ఆవిడ బొగ్గు దట్టంగా వేసి ఉంటారు, వదులుగా ఉన్న పొడి అక్కడే ఎక్కువ.

కాబట్టి ఇవాళ్టి నుంచి ఆ షీటుని తుడవకండి. గోడ మీద నుంచి దించి, బొమ్మ పైకి ఉండేలా బల్ల మీద పడుకోబెట్టండి, నిలబెట్టి ఉంచకండి, బోర్లా అసలే పెట్టకండి. మీరే విప్పే ప్రయత్నం చేయకండి, షీటు ఎత్తేటప్పుడే ఎక్కువ పొడి లేచిపోతుంది. తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి అసలు గాజు వేయించండి, ఎండలోని యూవీని ఆపే రకం దొరుకుతుంది. గాజుకీ కాగితానికీ మధ్య ఖాళీ ఉండాలి. చుట్టూ పెట్టే మౌంట్ బోర్డు వెనక కనపడకుండా సన్నని పట్టీ పెడితే రాలిన పొడి ఆ సందులోకి జారిపోతుంది, బొమ్మ ముందు కనపడదు. పటం కట్టే అతను పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే కొట్టేద్దాం అంటే ఒప్పుకోకండి. దానివల్ల నలుపు ముదురుతుంది, బూడిదరంగు నీడలన్నీ ఒకటైపోతాయి, కొట్టాక వెనక్కి తీసుకోలేం. ఆ నిర్ణయం బొమ్మ వేసిన మనిషిది.

విప్పినప్పుడు ఇంకో రెండు చూడమనండి. మౌంట్ బోర్డు యాసిడ్ లేని కాటన్ రకమేనా, లేకపోతే కొన్నేళ్ళకి కిటికీలా కోసిన అంచు వెంబడి కాగితం మీద గోధుమరంగు గీత పడుతుంది. బొమ్మని బోర్డుకి దేంతో అంటించారు, సెల్లో టేపుతో అయితే వెంటనే తీయించాలి, దాని జిగురు కాగితంలోకి ఇంకిపోయి పసుపు మచ్చ మిగులుస్తుంది. పైన రెండుచోట్ల జపాన్ పేపరు ముక్కలతో, గోధుమ గంజితో వేలాడదీస్తే చాలు, అది కావాలన్నప్పుడు తడిచేసి తీసేయొచ్చు.

వెలుతురు 50 లక్స్ దాటకుండా చూసుకోమని కాగితం బొమ్మలకి మ్యూజియంలు లెక్క పెట్టుకుంటాయి. ఇంట్లో అంత కొలుచుకోలేం, కనీసం కిటికీకి ఎదురుగోడ వద్దు. చార్కోల్ రంగు వెలవదు నిజమే, వెనకున్న కాగితం పసుపెక్కుతుంది. బయటిగోడకి తేమ ఉంటే అక్కడా వద్దు, బూజుకి కాగితమంటే ప్రాణం.

బొమ్మ కరిగిపోవడం లేదు, భయపడకండి. కొంచెం పొడి పోయింది, మిగతాది నిలబెట్టుకోవచ్చు.

జింకుప్లేటు:

ఎచింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు, మీరూ ఒక్క ముక్కలో తేల్చేశారు, అందుకే రాస్తున్నాను. నేను ప్రింట్లు తీసేవాణ్ణి, ఎచింగ్ ప్రెస్ మీద.

ఒక పదిరెట్లు చూపించే భూతద్దం కొనుక్కోండి, అదే మీకు అన్నిటికన్నా పనికొచ్చే వస్తువు. బొమ్మ చుట్టూ ప్లేటు నొక్కుకున్న గుంట కనిపించాలి, వేలు ఆనించకుండా పక్క నుంచి టార్చి వేస్తే నీడ పడుతుంది. గీతని భూతద్దంలో చూస్తే ఇంకు కాగితం మీద కాస్త ఉబ్బి కూర్చున్నట్టు ఉంటుంది, ఎందుకంటే తడి కాగితం ప్లేటులో ఉన్న గాడిలోకి దిగి ఇంకుని ఎత్తుకొచ్చింది. అలా కాకుండా వరసగా రంగు చుక్కలు పువ్వుల్లా కనిపిస్తే అది మామూలు ఆఫ్‌సెట్ అచ్చు. చెదురుమదురు సన్నని తుంపరలా ఉంటే ఇంక్‌జెట్. ఈ ఇంక్‌జెట్ ప్రింట్లనే ‘జిక్లే’ అని అమ్ముతారు. ఆ పేరు పుట్టిందే 1991లో, చిమ్మడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి. మంచి కాగితం, మంచి పిగ్మెంట్ ఇంకు వాడితే చాలాకాలం ఉంటుంది, తప్పేమీ లేదు. కానీ అది ఉన్న పెయింటింగుకి తీసిన ఫొటో నకలు. ఎచింగ్‌కి ముందు పెయింటింగ్ అంటూ ఏదీ లేదు, అదే అసలు. రెండిటినీ ‘లిమిటెడ్ ఎడిషన్’ అనే ఒక్క పేరుతో పిలుస్తారు కాబట్టి కొత్తగా కొనేవాళ్ళు మోసపోతారు.

14/40 అంటే నలభైలో పద్నాలుగోది అని మాత్రమే. సరిగ్గా పద్నాలుగోసారి తీసిందని అర్థం కాదు, ఆరబెట్టి, దొంతర పెట్టాక నెంబర్లు వేస్తారు. నలభై కాక ఆర్టిస్టు తనకోసం ఉంచుకునే ప్రూఫులు కొన్ని ఉంటాయి, సాధారణంగా పదో వంతు. అడిగి రాయించుకోండి. ఎడిషన్ అయిపోయాక ప్లేటు మీద అడ్డగీత గీసి రద్దు చేశారా అన్నది కూడా. ప్లేటు మీద సూదితో నేరుగా గీకే డ్రైపాయింట్ అయితే మాత్రం ముందు తీసినవాటికీ చివర తీసినవాటికీ తేడా కంటికి కనిపిస్తుంది. సూది గీకినప్పుడు పక్కకి లేచిన రాగి పొట్టు ఇంకుని పట్టుకుని గీతకి ఆ మఖమల్ నలుపు ఇస్తుంది, ప్రెస్ కింద నలగ్గా నలగ్గా ఆ పొట్టు అరిగిపోతుంది.

ప్రింటంటే పేదవాడి పెయింటింగ్ అనుకునేవాళ్ళకి నేను ఇద్దర్ని చూపిస్తాను. బ్రిటిష్ చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ రాగి ప్లేటుని కాన్వాసులాగే ఈజిల్ మీద నిలబెట్టి, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నెలల తరబడి గీసేవాడు. పోర్చుగల్‌లో పుట్టిన చిత్రకారిణి పౌలా రేగో, అబార్షన్‌ని చట్టబద్ధం చేయాలన్న రెఫరెండం 1998లో అక్కడ ఓడిపోయాక, అబార్షన్ మీద వేసిన పేస్టల్స్ ఉన్నాయి కదా, అదే విషయం మీద ఎచింగులూ చేసింది, ఎక్కువమంది చూడాలని. ఆ ఆడవాళ్ళ చూపు ఎచింగులో ఏమాత్రం మెత్తబడలేదు. మీ ఆర్టిస్టు కొత్తగా ప్రింట్లు చేస్తున్నారేమో కనుక్కోండి, నేనైతే ముందు అటు పరిగెత్తేవాణ్ణి.

ఒకచూపు:

నేను కాస్త ఎదురు చెబుతాను, ఏమనుకోకండి. ఒకే ఆర్టిస్టు, ఆరేళ్ళు, ఇప్పుడు పొదుపంతా. కళ్ళు ఆ ఒక్క చేతికే అలవాటు పడిపోతే ఆవిడ బలహీనమైన బొమ్మ కూడా బలమైనదిగానే కనిపిస్తుంది. నాకు అలా జరిగింది. నేను కొన్న ఆర్టిస్టు ఒక దశలో తన బొమ్మలే తను మళ్ళీ మళ్ళీ వేస్తున్నాడని బయటివాళ్ళకి తెలిసిన నాలుగేళ్ళకి గానీ నాకు తెలియలేదు. ఆ నాలుగేళ్ళవి ఆరున్నాయి నా దగ్గర, ఒక్కటి కూడా గోడ మీద లేదు. కొనకపోయినా ఫర్వాలేదు, వేరేవాళ్ళవి చూడండి. జెన్నీ సావిల్ ఒంటిని ఎలా వేస్తుందో, కెర్రీ జేమ్స్ మార్షల్ నలుపులో నలుపుని ఎలా విడదీస్తాడో చూసొచ్చి అప్పుడు మీ వీపుల ముందు నిలబడండి.

ఇంకోటి, మనుషుల బొమ్మలకి ఇప్పుడు గిరాకీ ఉంది కదా అని లెక్కలేసుకోకండి. ఘానా చిత్రకారుడు అమోవాకో బోఆఫో 2019లో వేసిన ఒక బొమ్మ 2020 ఫిబ్రవరికల్లా లండన్ వేలంలోకి వచ్చి అంచనా ధరకి పదిరెట్లు దాటి పోయింది. అలా తిప్పి అమ్మేవాళ్ళ వల్ల ఆర్టిస్టుకి ఒరిగేది తక్కువ, పేరు మీద ఒత్తిడి మాత్రం ఎక్కువ. యూరప్‌లో, బ్రిటన్‌లో మళ్ళీ అమ్మినప్పుడు ఆర్టిస్టుకి ఒక వాటా ఇచ్చే చట్టం ఉంది, చాలా దేశాల్లో అదీ అందదు. ఆ ఆయిల్ అమ్ముతున్నాయన ఎందుకు అమ్ముతున్నాడో అడిగారా?

బొగ్గుముక్క:

ఇవతలి వైపు నుంచి రాస్తున్నాను, నేను బొమ్మలు వేసేదాన్ని, నాదీ మనుషుల బొమ్మే.

ఆవిడకి మెయిల్ రాయడానికి మొహమాటపడకండి. మా చేతిలోంచి వెళ్ళిన బొమ్మ ఎక్కడుందో, ఎలా ఉందో తెలియడం మాకు ఎంత సంతోషమో మీకు తెలియదు. చాలా బొమ్మలు అమ్ముడయ్యాక మళ్ళీ కనపడవు, ఇన్నేళ్ళ పనంతా ఒకచోట చూపించే రెట్రోస్పెక్టివ్ పెట్టాలంటే సగం ఎవరింట్లో ఉన్నాయో తెలియక ఫొటోలతో సరిపెట్టుకుంటాం. “మీ ఫలానా బొమ్మ నా దగ్గరుంది, ఎగ్జిబిషన్‌కి అడిగితే ఇస్తాను” అని ఒక్క మాట రాసినవాళ్ళని నేను ఎప్పటికీ మరచిపోను. కొత్త డ్రాయింగులు బయటికి రాకముందే వాళ్ళకి చూపిస్తాను, దానికి ఏ లిస్టూ అక్కర్లేదు.

రెండు విషయాలు మాత్రం గుర్తుపెట్టుకోండి. బొమ్మ మీదే, కానీ దాన్ని పుస్తకం అట్ట మీదో కప్పు మీదో అచ్చు వేసే హక్కు బొమ్మతోపాటు రాదు, రాసిస్తే తప్ప అది ఆర్టిస్టు దగ్గరే ఉంటుంది. ఇంకోటి, ఆ బొమ్మలో ఉన్నది ఒక మనిషి. దుస్తులు లేకుండా కూర్చున్న నా మోడల్ ఒకావిడ ‘గోడ మీద చూస్తే ఫర్వాలేదు, ఫోన్లలో తిరగడం వద్దు’ అని ముందే అడిగింది. కొన్నవాళ్ళకి ఆ మాట చెప్పే అమ్ముతాను, ఇప్పటిదాకా అందరూ నిలబెట్టారు. మీరు కూడా పోస్టు చేసేముందు ఒకసారి అడగండి.

నీలిగీత:

అందరికీ చేతులెత్తి దండం. చెక్కచట్రం గారూ, మీరన్నది అక్షరాలా నిజం, అది ఆక్రిలిక్కే. ఇప్పుడు గాజు వేయించాను. వెనక సెల్లో టేపు కూడా ఉంది, కొత్తది కాబట్టి మచ్చ పడకుండా వచ్చేసింది. జుట్టు ముడి దగ్గర కాస్త పలచబడింది, నాకు తప్ప ఇంకెవరికీ తెలియదేమో.

అసలు విషయం ఇది. బొగ్గుముక్క గారు ఇచ్చిన ధైర్యంతో ఆర్టిస్టుకే రాశాను, పాతపటం గారు చెప్పినట్టు అన్ని ఫొటోలూ పెట్టి. మూడో రోజు జవాబు వచ్చింది. బొమ్మ తనదే, సంతకం తనదే అన్నారు. కానీ కొలతలు ఇంకోసారి కొలవమన్నారు. నోటుపుస్తకంలో 152 సెంటీమీటర్ల ఎత్తు, 91 వెడల్పు అని ఉందట. అమ్మే ఆయన టేపు పెట్టి కొలిచి పంపింది 139, 91. పదమూడు సెంటీమీటర్లు లేవు!

స్టూడియో వదిలేముందు తీసిన ఫొటో కూడా పంపారు. అందులో ఆ స్త్రీకి పాదాలున్నాయి. కుడికాలు నేలకి ఆని ఉంది, ఎడమకాలి మడమ కొంచెం లేచి, బరువంతా వేళ్ళ మీద ఉంది. చాలాసేపు నిలబడి కాలు మార్చుకోబోయే క్షణం. ఇప్పుడున్న బొమ్మ చీలమండల దగ్గర ఆగిపోయింది. అలా ఆపడమే ఆవిడ గొప్పతనం అనుకుని నేను ఇన్ని రోజులూ ఆ ఫొటోని చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మెయిల్‌లో రాసింది ఇంతే: “ఆ మడమ కోసమే ఆ బొమ్మ వేశాను.”

అమ్మే ఆయన్ని అడిగాను. ఆయనకి నిజంగానే తెలియదు, ఆయన ఐదేళ్ళ కిందట ఇలాగే కొన్నారట. ముందున్నవాళ్ళు గోడకి సరిపోవాలని చిన్న చట్రానికి మళ్ళీ బిగించి ఉంటారేమో అన్నారు. ఒకచూపు గారూ, ఎందుకు అమ్ముతున్నారని కూడా అడిగాను, ఇల్లు మారుతున్నారు. కోసేశారా, వెనక్కి మడిచారా అన్నది ఎలా తెలుసుకోవడం? మడిచి ఉంటే మళ్ళీ విప్పొచ్చా?

చెక్కచట్రం:

గోడకి సరిపోవాలని కోయడం కొత్తేమీ కాదండీ, రెంబ్రాంట్ ‘నైట్ వాచ్’నే 1715లో ఆమ్‌స్టర్‌డామ్ టౌన్‌హాల్ గోడలో పట్టడం కోసం నాలుగువైపులా కోశారు, ఆ ముక్కలు ఇప్పటికీ దొరకలేదు. మీది మడతే అయితే అదృష్టం.

వెనకవైపు కింది చెక్క చూడండి. మామూలుగా కాన్వాసు ఓ నాలుగైదు సెంటీమీటర్లు వెనక్కి వచ్చి అక్కడ పిన్నులతో ఆగిపోతుంది. పైన, పక్కల అలా ఉండి కింద మాత్రం గుడ్డ ఎక్కువగా, మందంగా, చట్రం లోపలిదాకా వెళ్ళి ఉంటే అక్కడే ఉంది. కింది అంచు మీదికి పక్క నుంచి టార్చి వేయండి. తెల్లటి ఖాళీ గుడ్డ కాకుండా బొమ్మలోని నేల రంగు అంచు మలుపు తిరిగి వెనక్కి వెళ్తూ కనిపించాలి. కోసేసి ఉంటే అంచు దగ్గర రంగు కూడా గుడ్డతోపాటు తెగి ఉంటుంది, దారాలు రేగి ఉంటాయి.

మడత ఉన్నా మీరు పిన్ను ఒక్కటి కూడా తీయకండి. తొమ్మిదేళ్ళ ఆయిల్ బాగా గట్టిపడి ఉంటుంది, మడత గీత వెంబడి పగుళ్ళు ఖాయం, హడావిడిగా విప్పితే రంగు పెళ్ళలుగా ఊడొస్తుంది. ముందు వదులైన రంగుని అతికించి, కొద్దికొద్దిగా తేమ, వెచ్చదనం ఇస్తూ రోజుల తరబడి తెరవాలి, తర్వాత పాత కొలతకి కొత్త చట్రం. గీత పూర్తిగా పోదు, పక్క నుంచి చూస్తే తెలుస్తుంది. ఆ ఖర్చెంతో ముందే అడిగి బేరంలోంచి తీయించుకోండి. అన్నిటికన్నా ముందు విప్పడానికి ఆవిడ అనుమతి, వీలైతే ఆవిడ పక్కనుండగా.

పాతపటం:

నీలిగీత గారూ, నా డ్రాయింగుల సలహా పక్కన పెట్టేయండి. పాదాలుంటే ఇది మీరే తీసుకోవాలి.

నీలిగీత:

రేపు పొద్దున్నే వెళ్తున్నాను. వెనక అట్ట తీసి చూసుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు, ఆర్టిస్టు కూడా వీడియో కాల్‌లో ఉంటానన్నారు. టార్చి, టేపు, జింకుప్లేటు గారు చెప్పిన భూతద్దం బ్యాగులో పెట్టుకున్నాను. ఆ మడమ వెనక ఉందో లేదో చూసొచ్చి రాస్తాను.